దాపటెద్దు ఎలపటికొచ్చింది

హలో… ఆ, నేనే బిడ్డా, మంగవ్వను. ఎల్లారెడ్డి మంగవ్వను…

అగో, గప్పుడే మర్చినవా? మొన్న నాట్లప్పుడు మా సంఘం ఆడోళ్లకు బొంతలు కుట్టుడు నేర్పొచ్చినవు గద, కాయితం మీద కుట్టేటియి. రెండో వరుసల ఒక ముసల్ది నీ కత్తెర మాయం చేసిందని మొత్తుకుంటివి చూడు… ఆ. గా ముసల్దాన్నే.

కత్తెర దొరికింది తియ్యి, నా కొంగుల్నే ఉండె. ఫోను గందుకు చెయ్యలే.

నువ్వు కామారెడ్డిలనే ఉన్నవా, రూతూ?… షాపుల?… ముంగట గిరాకీ ఉన్నదా… ఉండనియ్యి. ఆమె జాకిట్టు యాడికి పోదు. నా మొగడు పోతుండు.

… లే లే లే. గా పోవుడు కాదు. మనిషి దుక్క లెక్క ఉన్నడు. బస్సెక్కి పోతుండు.

పదకొండు గంటల బస్సుకు నాగిరెడ్డిపేట పోతుండు, ఆయన చెల్లె చిన్నవ్వ ఇంటికి… చూసొద్దామని కాదు బిడ్డా, ఉందామని. మొత్తానికే. రెండు ధోతులు, ఒక కంబలి, పిడికెడు యాప పుల్లలు సంచిల వెట్టుకొని అరుగు మీద కూసున్నడు. నాతోటి మాట్లాడుతలేడు. బస్సు మా ఇంటి ముంగట్నే ఆగుతది, అదొక ఖర్మ.

… నేనేం జేసిన అంటవా? నువ్వు నేర్పిందే జేసిన. బొంత కుట్టిన.

… ఆగాగు. నడుమ అవ్వా అవ్వా అనకు, నాకు మాట తెగుతది. మొదటికెల్లి చెప్త, ఇను.

మాకు జోడెడ్లు ఉండె గద. ఎర్రోడు, మైలోడు… ఆ, ఒకటి ఎర్రది, ఒకటి బూడిద రంగుది, ఒళ్లంత చుక్కలు. పన్నెండేండ్లు దున్నినయ్. మా శ్రావణ్ ట్రాక్టర్ తెచ్చినంక ఇగ ఎడ్లెందుకన్నడు. దసరా ఎనుక అంగడికి కొట్టుకపోయిండు. పిట్లం దిక్కు రైతు జోడు ఇడగొట్టకుంట కొనుకపోయిండు. మంచోడే, ఆడ కడుపు నిండ తింటున్నయట.

అయితే ఏంది? ఆనాటికెల్లి మా ముసలాయన ఇంట్ల పండుకుంటలేడు. కొట్టంల మంచం ఏసుకున్నడు. ఉత్త కొట్టంల… ఎడ్లు లేకున్నా సరే. ఎడ్ల మెడల గంటలు తలకింది మెత్త కింద పెట్టుకొని, ఎడ్లు మేసే ఖాళీ గాడి దిక్కు మొకం చేసి పంటడు. బువ్వ ఆడికే పంపాలె. నేను పోయి పిలిస్తె ‘నాకు ఈడ్నే నిద్ర వడుతది’ అంటడు. నలభై ఏండ్లు కాపురం చేసిన పెండ్లాన్ని ఇడిసి, లేని ఎడ్ల కాడ పండుకున్న మొగోడు జిల్లా మొత్తంల ఇంకెవడన్న ఉంటె నువ్వే చెప్పు…

నవ్వు, నవ్వు. నీకేం.

గందుకే నాకు ఉపాయం తోచింది. బొంత మీద ఎడ్ల బొమ్మ కుడితే, ఆ బొంత ఇంట్ల మంచం మీద పరిస్తే, మనిషి ఎడ్ల ఎంబడి ఇంట్లకొస్తడు గద. బాగలేదా?… బాగున్నది గద. ఉపాయం బాగనే ఉండె.

మా కోడలు నవత తోటి బొమ్మ గీపిచ్చిన. జోడెడ్లు, మీద కాడి, చుట్టూ పొలం, ఒక మోదుగు చెట్టు. ఎడ్లను ఎనుకకెల్లి గియ్యమన్న…

ఎనుకకెల్లి ఎందుకంటవేంది? నాగలి పట్టినోనికి కనవడేది గదే గద. పన్నెండేండ్లు ఆయన వాటి పిర్రలు చూసుకుంటనే దున్నిండు. దాంట్ల సగం సేపు నా మొకం చూస్తె నేను మల్లొక్కసారి పడుసుదాన్ని అయితుంటి.

… ఆ, నువ్వు చెప్పినట్టే. కాయితం మీద గీతలు, గీతల నడుమ అంకెలు. బట్ట కాయితం కింద పెట్టి, పైకెల్లి గీత మీద మిషిని కొట్టాలె. ఒకటి కుట్టినంక మలిచి, దాని మీద రెండు. రెండు మీద మూడు. ఒక్క అంకె తప్పలే బిడ్డా, నా కండ్లు చూసి కోడలే పరేషాన్ అయింది. ఎనభై ఆరు ముక్కలు.

ఎర్రోనికి నా పాత ఎర్రచీర. మైలోనికి కోడలు నైటీ, బూడిద రంగు మీద తెల్ల చుక్కలది… కొత్తదే.

… అడిగి కోసిననా అంటే, అడిగితే ఇస్తదా? గాయింత దానికి వారం మాట్లాడలే. మా ఇంట్ల ఎవ్వలికి కోపమొచ్చినా మాటలే బందువెడ్తరు, నాకే అన్ని మాటలు మిగుల్తయి.

తోకలు మాత్రం ఆఖరుకు మీద కుట్టిన, చీర అంచు పేని. చేత్తోటి పట్టుకుంటె ఊగాలె అని… ఆ, ఊగుతయ్. మంచిగ ఊగుతయ్.

అయితే నువ్విచ్చిన పల్సటి కాయితాలు మైలోని సగం పిర్రకే అయిపోయినయ్. పొలానికి, చెట్టుకు, ఎర్రోనికి కాయితం యాడికెల్లి తేవాలె? చూస్తె సందుగల శ్రావణ్ పెండ్లి కార్డులు. ముసలాయన ఆరు వందలు కొట్టిచ్చిండు, ఊరంత పంచినా ఇంకా మిగిలినయ్. బొమ్మ చూసి గీతలు నేనే వాటి మీద దించి కుట్టిన…

ఆ, దళసరియే. బంగారు పూత పూసినయ్. మూడు సూదులు ఇరిగినయ్. మరి నువ్వే అంటివి గద, కాయితం గట్టిగుంటె బట్ట ముడుసుకపోదని.

… హలో? ఉన్నవా?

… ఏం జేసిన అంటవ్?

కాయితం ఏం జేసుడేంది. లోపల్నే ఉన్నది. మీద బట్ట, కింద బట్ట, నడుమ కాయితం. చుట్టూ కుట్టేసిన.

… తియ్యాలెనా?

… కుట్టుడు అయినంక చింపి తియ్యాలెనా? అంతనా?

ఎప్పుడు జెప్పినవ్?… మూడోనాడా. మూడోనాడు నేను రాలే గద. మూడోనాడు మా మడిల నాట్లుండె… గింత పెద్ద ముచ్చట మూడోనాడు దాక దాసిపెడుతరా ఎవలన్న?

— భూదవ్వా… ఓ భూదవ్వా. కాయితం చింపాలెనట. ఆ, లోపలిది… నాకేమెరుక, మేడమే గిప్పుడు చెప్పవట్టె.

మా పక్కింటి భూదవ్వ బిడ్డా. ఆమెకు నేనే నేర్పిన. ఇంకో నలుగురికి సుత నేర్పిన… నేను నేర్పొద్దా? రెండు దినాలు వచ్చిన గద. గిప్పుడు మా గల్లీల ఆరు బొంతలు గరగర అంటయ్. అందరు అడిగిన్రు, మంగవ్వా సప్పుడెందుకస్తదని. గా సప్పుడుకే పాములు దగ్గరికి రావు, గది ఈ బొంతల గొప్ప అని చెప్పిన.

… నమ్మిన్రు. ఎందుకు నమ్మరు.

సరే ఇను, టైం పోతుంది. ఇయ్యాల పొద్దుగాల, ముసలాయన ఇంకా లేవకముందు, ముందుగాల చూస్తెనే గద ఎంబడి వచ్చేదని, నేను సప్పుడు గాకుంట కొట్టంలకు పోయి బొంత ఆయన మీద కప్పి దర్వాజ చాటుకు నిలవడ్డ. ఆయన ఇటు పొర్లిండు, గర్ర్. ఆగిండు. అటు పొర్లిండు, గర్ర్. దిగ్గున లేచి, ‘ఎలుక సొచ్చింది’ అని కట్టె అందుకొని బొంతను ఉతుకుడే ఉతుకుడు. ఎర్రోని నడుం మీద నాలుగు తగిలినయ్. ఉన్ననాడు ఒక్క దెబ్బ కొట్టలే బిడ్డా దాన్ని, చర్నాకోల గాలిల తిప్పుతుండె, గంతే.

… నేను ఉరికి చెయ్యి పట్టిన మరి. ఎలుక కాదయ్యా, ఎడ్లు అన్న.

గప్పుడు చూసిండు. కట్టె కింద పడేసిండు. బొంత మంచం మీద పరిచిండు. అరచేత్తోటి ఎర్రోని ఈపు నిమిరిండు, మైలోని తోక పట్టి ఊపిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నేను ఇగ అయిపోయింది, మంచం ఇంట్లకొచ్చినట్టే అనుకున్న.

గంతల్నే మొకం మారింది.

‘ఎర్రోడు దాపటెద్దు’ అన్నడు.

… దాపట అంటే నీకు తెల్వదా? నాగలి పట్టి నిలవడితే నీ ఎడమచెయ్యి పక్క ఎద్దు దాపటెద్దు. కుడి పక్కది ఎలపటెద్దు. ఏదంటె గది ఏడంటె గాడ కట్టరు బిడ్డా. మొదటికెల్లి ఎట్ల నేర్పితే అట్లనే, ఆఖరు దాక. మా మైలోన్ని ఒక్కనాడు శ్రావణ్ తెల్వక దాపటికి కట్టిండు, అది పొలంల పండుకున్నది. లేవలే. పొద్దూకినంక లేచింది.

బొంతల చూస్తె ఎర్రోడు కుడికున్నడు, మైలోడు ఎడమకున్నడు. తారుమారు.

ఇగ షురూ. ‘నలభై ఏండ్లు నా ఇంట్ల ఉన్నవ్, నా ఎడ్లల్ల దాపటిది ఏదో ఎలపటిది ఏదో ఎరుకలేదు నీకు. మా చిన్నవ్వను అడుగు, ఆడ పోచారం చెరువు కింద కూసుండి చెప్తది. ఆమె ఇంట్ల ఇంకా ఎడ్లున్నయ్, నేను ఆడికే పోత’ అన్నడు. సంచి తీసిండు. గంతే, గక్కడికెల్లి మాట లేదు.

రూతూ, నేను నీమీద ఒట్టేసి చెప్తున్న, నేను సక్కగనే గీపిచ్చిన. కాయితం మీద ఎర్రోడు ఎడమకే ఉన్నడు. నా రెండు కండ్లతోటి చూసుకుంట కుట్టిన. ఎట్ల మారినయ్ చెప్పు. నడుమ రాత్రి లేచి జాగలు మార్చుకున్నయా?

… ఆ.

… ఆ, బట్ట కాయితం కిందనే ఉంటది…

… కుట్టేటోళ్లకు గీతల పక్క కనవడుతది, బట్ట మొకం అటుపక్క ఉంటది… అవును…

… తిప్పి చూస్తె ఎడమది కుడి అయితదా? అద్దంల చూసినట్టు?

గిదెప్పుడు చెప్పినవ్.

… మూడోనాడు.

మొదటి రెండు దినాలు ఏం చెప్పినవమ్మా మరి? చాయ్ తాగిచ్చి పంపినవా?

… లేదు, కోపం లేదు. ఏం కోపం… ఆగు, భూదవ్వ గోడ మీదికెల్లి ఏదో అంటుంది.

— ఏంది?… ఆ… ఆ… అయితే గందుకేనా?

బిడ్డా, అర్థమైంది. గీ భూదవ్వ బొంతకు పాత పేపర్లు పెట్టింది. మైసన్న, ఆమె మొగడు, గది కప్పుకొని పొలం కాడ పండుకుంటె మంచుకు తడిసి పేపర్ల అచ్చు మొత్తం ఆయన ఈపు మీద దిగింది. అది సుత ఉల్టనే దిగిందట. మూడు దినాలకెల్లి అద్దం పట్టి చదువుతున్నరట ఇంటోళ్లు… ఏం రాసుందా?

— ఏం రాసుందే ఈపు మీద?

… ‘రెండు రోజులు వాతావరణం పొడిగా ఉంటుంది’ అని ఉన్నదట.

ఎవలు నవ్వుతున్నరు ఆడ?… జాకిట్టామెనా? నన్ను స్పీకర్ల పెట్టినవా?… సరే, ఉండనియ్యి. అక్కా, నమస్తే. నీ జాకిట్టు జర ఆగుతది.

గిప్పుడు ఏం జేద్దాం చెప్పు రూతూ. పదిన్నర దాటింది.

… ఇప్పాలెనా? ఎనభై ఆరు ముక్కలు ఇప్పి మల్ల కుట్టేసరికి ఈయన చిన్నవ్వ ఇంట్ల రేషన్ కార్డుల ఎక్కుతడు.

… నడుమకు కోసి, ఎర్రోన్ని అటు, మైలోన్ని ఇటు జరుపుడా? కాడి ఉన్నది గద బిడ్డా. రెండిటి మెడ మీద కాడి ఒక్కటే, ఒక్కటే గోధుమరంగు పట్టీ. నడుమ కోస్తె కాడి ఇరిగినట్టు. ఆయన కండ్ల ముంగట కత్తెర తోటి కాడి కోస్తె బస్సు కోసం సుత ఆగడు, నడిసే పోతడు.

… చూపియ్యాలెనా? ఈ ఫోన్లనా?… కోడలిది గీ ఫోను, నాకు రాదు.

— నవతా, బిడ్డా, రూతు మేడం బొంత చూస్తదట, జర వత్తు… నైటీ ముచ్చట ఎనుక మాట్లాడుకుందాం, ముందుగాల వత్తు.

… ఆ. నువ్వు కనవడుతున్నవ్. మంచిగున్నవ్. బక్కగైనవ్… నేను కనవడుతలేనా? ఏం కనవడుతుంది?… నల్లగ, గుండ్రంగ? అది నా బొటనేలు. ఆగు.

గిప్పుడు?… గది కోడి. ఆగు, బొంత అరుగు మీద పరుస్త. ఆయన ముంగట్నే పరుస్త, చూడనియ్యి. చూస్తలేడు గని చూస్తుండు.

గిగో. గిది పొలం, గిది మోదుగు చెట్టు. గీ కాలిన మచ్చ ఇస్త్రీ పెట్టెది, పట్టించుకోకు. గిగో ఎడ్లు.

… ఎవలన్నరు? జాకిట్టామెనా?

ఏమన్నది?… మొకాలు మంచిగ వచ్చినయ్ అన్నదా?

అక్కా, అవ్వి మొకాలు కావు. పిర్రలు.

… మొకాలే అనుకున్నదట. తోక ముక్కు లెక్క కనవడ్డదట. నీ జాకిట్టు గూడ ఎనుకముందు చూసుకొని తీసుకో అక్కా… లేదు లేదు, నవ్వుతాలకన్న.

…

ఆగు.

ఒక్క నిమిషం ఎవలు మాట్లాడకుండ్రి.

మల్ల అను. మొకాలైతే?…

రూతూ. ఎడ్లు పోయేటప్పుడు ఎనుకకెల్లి చూస్తె ఎర్రోడు ఎడమకుంటడు. మరి అవ్వే ఎడ్లు మన దిక్కు వస్తుంటే?

… నువ్వు అందాజకు చెప్పకు, ఆగు, నాకు ఎరుక. నాకు మస్తు ఎరుక.

పొద్దూకినంక ఎడ్లు ఇంటికొచ్చేటప్పుడు నేను ఆకిట్ల కుడితి గోలెం కాడ నిలవడుతుండె. పన్నెండేండ్లు. ఎర్రోడు నా కుడిచెయ్యి పక్క వస్తుండె. మైలోడు ఎడమకు. మైలోనికి ఆగుడు చాతకాదు, మూతి ముంగటికి తెస్తుండె. నా ఎడమ మోచేతికి దాని కొమ్ము తాకిన మచ్చ గిప్పటికి ఉన్నది… గిగో, కనవడుతుందా? గది కోడి కాదు, నా మోచెయ్యి.

ఎడమ మోచెయ్యి రూతూ. మైలోడు ఎడమకే వచ్చిండు.

బొంతల ఎట్లున్నయ్?… మైలోడు ఎడమకు. ఎర్రోడు కుడికి.

బొంత తప్పు కాదు బిడ్డా. ఎడ్లు పోతలేవు. వస్తున్నయ్. ఇంటికొస్తున్నయ్. మల్ల తోకలెందుకు వాటికి ముంగట?

— నవతా, కత్తెర తే. మేడం కత్తెరే తే… నా కొంగుకే ఉన్నదా? ఆ.

తోకలు కోస్తున్న. ఒకటి… ఈయన లేచి నిలవడ్డడు… రెండు. కండ్లు కావాలె గిప్పుడు. నాలుగు కండ్లు. గుండీలు, నల్లయి, పెద్దయి.

— శ్రావణ్ కోటుకు ఉన్నయ్ చూడు, పెండ్లి కోటు… ఎందుకు తీస్తె? వాడు మల్ల పెండ్లి చేసుకుంటడా?… గదే. తే.

… ముక్కుకు ఏం పెట్టాలె రూతూ?… నల్లబట్ట తునక… ఉన్నది, పాత గొడుగుది ఉన్నది. మిషిని మీద కాదు, చేత్తోటి నాలుగు టాకాలు ఏస్త, ఎనుక సక్కగ కుట్టుకోవచ్చు. కొమ్ములు ఎట్లనన్న మీద ఉండనే ఉన్నయ్.

… మొకం వెడల్పైందా? పిర్రకు గీసిన మొకమాయె. జర ఉబ్బినట్టున్నయ్. తవుడు ఎక్కువైన ఎడ్ల లెక్క ఉన్నయ్ తియ్యి. పిట్లంల మంచిగ తింటున్నయ్ గద.

… హారన్.

ఇన్నవా? బస్సు. మలుపు కాడున్నది. ఇయ్యాలనే టైంకు రావాల్నా దీనికి.

ఎర్రోనికి ఒక కన్ను అయింది. సూదిల దారం ఎక్కుతలేదు… ప్రార్థన చెయ్యి బిడ్డా, నీ దేవునికి చెప్పు, జాకిట్టామెను ఆమె దేవునికి చెప్పమను. ఎవలో ఒగలు ఇంటరు.

ఆగింది. బస్సు ఆగింది.

కండక్టర్ దిగిండు. మా ముసలాయన సంచి అందుకొని లోపల పెట్టిండు, మంచోడు, ముసలోళ్లంటే మర్యాద… దొంగనాకొడుకు.

రూతూ, నేను గిప్పుడు గట్టిగ మాట్లాడుత, నీకు కాదు. నువ్వు ఆ, ఆ అను… నాతోటి మాట్లాడుతలేడు గద, నీతోటి మాట్లాడినట్టు మాట్లాడుత. ఆయనకు ఇనవడాలె.

అవును బిడ్డా. గీ ఊర్ల ఒక పెద్దమనిషి ఉన్నడు. ఆయనకు ఎడ్ల ఎనుక మాత్రమే ఎరుక. పొద్దుగాల పోయేటప్పుడు ఎట్లుంటయో ఎరుక. పొద్దూకినంక వచ్చేటప్పుడు ఎట్లుంటయో ఆయనకు తెల్వది, ఆయన వాటి ఎనుకనే ఉంటుండె గద. ముంగట నిలవడి చూసిందాన్ని నేను. కుడితి పెట్టిందాన్ని నేను. కొమ్ము తాకింది నాకు. ఏ మోచేతికి తాకింది?… ఎడమ మోచేతికి. మందు పూసింది ఎవలు?… ఆ పెద్దమనిషే పూసిండు. మర్చిపోయిండు.

… అను బిడ్డా, ఆ అను.

… కండక్టర్ రండి రండి అంటుండు.

… ఈయన మెట్టు మీద కాలు పెట్టిండు.

… తీసిండు.

ఆగు. ఇటొస్తుండు.

… బొంత దిక్కు చూస్తలేడు. నా మోచెయ్యి చూస్తుండు. పట్టుకొని చూస్తుండు…

ఆ. గిప్పుడు బొంత చూస్తుండు. తల ఇటు వంచిండు, అటు వంచిండు. గీపక్కకొచ్చి నా పక్క నిలవడ్డడు, నేను నిలవడే కాడ. లోపల్లోపల లెక్క వేస్తుండు. చేతులు తిప్పుతుండు, ఎడమది కుడిది…

… ఊకో. నవ్వకు.

ఏదో అంటుండు.

— ఏంది?

రూతూ, మాట్లాడిండు. ‘తోకలేవి?’ అన్నడు.

— కోసిన. ఇగో, నా ఒళ్ల ఉన్నయ్. వచ్చే ఎడ్లకు ముంగట తోకలుంటయా?… ఏంది?… ఏడ?… 

బిడ్డా, ఈయన ఏమంటుండు ఇను. తోకలు పారెయ్యకు అంటుండు. బొంత తిప్పేసి ఎనుక పక్క కుట్టమంటుండు. ముంగట మొకాలు, తిప్పితె తోకలు… ఎర్రోని తోక ఎర్రోని ఎనుకనే. తిప్పి చూస్తె ఎర్రోడు ఎడమకే వస్తడట… ఆగు, తిప్పి చూస్త.

… వచ్చిండు. ఎర్రోని తోక పెట్టి చూసిన, ఎడమకే ఉన్నడు. దాపటికే.

అంటే గీ పక్క కప్పుకుంటె ఎడ్లు ఇంటికొస్తయ్, ఆ పక్క కప్పుకుంటె పొలం పోతయ్. రెండో తరగతి దాటని మనిషి రూతూ. నువ్వు మూడోనాడు చెప్పింది ఒక్క చూపుల చెప్పిండు.

… ఆ, కూసున్నడు. కుట్టు ఇప్పి కాయితాలు గుంజుతుండు. ఆయన గుంజుతె సర్రున వస్తున్నయ్, నా కుట్లు అంత గట్టియి కావన్నట్టే గద… చదువుతుండు. కూడబలుక్కొని చదువుతుండు. ‘చిరంజీవి సౌభాగ్యవతి నవత’… 

— ఓ నవతా, ఇటు రాకు బిడ్డా. ఏం లేదు. నీ పేరు యాడ దొరికిందో నీకు అక్కెర లేదు… ‘ఎర్రోని పిర్ర కింద దొరికింది’ అన్నడు. చెప్పొద్దంటె చెప్పిండు చూడు ముసలోడు.

… బస్సా? ఉన్నది. కండక్టర్ సుత దిగొచ్చి బొంత చూస్తుండు. ‘మొకాలు జర ఉబ్బినయ్’ అంటుండు. ఆయనకేమెరుక.

— పోండ్రి సారూ, పోండ్రి. ఈయన రాడు. జనం కూసున్నరు బస్సుల.

… పోయింది. బస్సు పోయింది బిడ్డా.

…

అయ్యో. సంచి.

సంచి బస్సుల్నే పోయింది. ధోతులు, కంబలి, యాప పుల్లలు… ఈయన చెయ్యి ఊపుతుండు, పోనియ్యి అన్నట్టు. పోనీ. చిన్నవ్వ బస్టాండుల అన్న కోసం నిలవడి ఉంటది, సంచి దిగుతది. ఫోన్ చేసి చెప్త, అన్న బదులు గదే ఉంచుకొమ్మని.

… నువ్వు మల్ల ఎప్పుడొస్తవ్? మల్ల నేర్పవస్తె మూడోనాడు ముందుగాల చెప్పు, రెండు దినాలు ఎనుక చెప్పు. నాట్లున్నా లేకున్నా వస్త… నీ కత్తెర సుత ఇస్త.

… సప్పుడా? ఏం సప్పుడు? కాయితం కాదు, కాయితాలన్ని కింద పడ్డయ్…

ఓ, అదా. గణగణ అనేది ఎడ్ల గంటలు. కింద రాకుతున్నది మంచం. ఈయన కొట్టంలకెల్లి మంచం గుంజుకొస్తుండు, గంటలు దాని మీద ఏసుకొని… ఒక్కడే. ఎవలు చెయ్యి పెట్టొద్దట.

… ఇంట్లకే బిడ్డా. మరి ఇంకేడికి?

… దర్వాజల పడుతలేదు. మంచం కాళ్లు ఇరుక్కున్నయ్. ఆయన బయట, నేను లోపల, నడుమ మంచం. మొకం మొకం చూసుకుంటున్నం… ఆ, మస్తు దినాలకు.

ఏంది?

— ఏందయ్యా?… ఎడమకు తిప్పాలెనా?

… సరే బిడ్డా, ఫోను గూట్ల పెడుతున్న, రెండు చేతులు కావాలె… ఆ, ఉంట.

— ఎవలి ఎడమకయ్యా? నీ ఎడమకా, నా ఎడమకా?